నేడు కూడా తప్పిన ముప్పు

అంతరిక్ష విశేషాలు ఆన్‌లైన్‌లో రోజూ తాజాగా దొరకవని చదువుకున్నవాళ్లు కూడా వాపోతుంటారు. ఇంతకు మించిన అన్యాయపు మాట లేదు. పాలవాడు శివరాత్రికి నాగా పెడతాడు. పేపరు కుర్రాడు వానొస్తే నాగా పెడతాడు. భూమి వైపు దూసుకొచ్చే గ్రహశకలం మాత్రం పండగ లేదు, పబ్బం లేదు, తెల్లవారి ఆరున్నరకల్లా నా ఫోనులో హాజరవుతుంది. పదేళ్లుగా చూస్తున్నాను. ఒక్కసారి కూడా గుద్దలేదు, ఒక్కరోజు కూడా మానలేదు. ఈ క్రమశిక్షణ మా వీధి నీళ్ల ట్యాంకరుకు ఉంటే ఎంత బాగుండేది!

గిట్టనివాళ్లు ఈ ‘దూసుకొస్తోంది’ వార్తల వెనక ఉన్న శ్రమను తక్కువ చేసి మాట్లాడతారు కాబట్టి తయారీ విధానం చెప్పక తప్పదు. అమెరికాలో నాసా వారి జెట్ ప్రొపల్షన్ లేబొరేటరీ ఒక పట్టిక నడుపుతోంది. భూమికి 75 లక్షల కిలోమీటర్ల లోపు నుంచి వెళ్లిపోబోయే తరువాతి ఐదు రాళ్ల పేర్లు, తేదీలు, దూరాలు అందులో ఉంటాయి. 75 లక్షల కిలోమీటర్లంటే చంద్రుడున్న దూరానికి దాదాపు ఇరవై రెట్లు. మీ గుమ్మానికి కట్టిన దిష్టి నిమ్మకాయే భూమి అనుకోండి. ఆ లెక్కన ఆ రాయి ఇరవై మూడు మీటర్ల అవతల, వీధి మలుపు దగ్గర ఎగురుతున్న, కంటికి ఆనని దుమ్ము రేణువు. అంతటి రేణువును పట్టుకొచ్చి ‘పొంచి ఉన్న పెను ముప్పు’గా నిలబెట్టడం అందరికీ అబ్బే విద్య కాదు. పొద్దున్నే పట్టిక తెరవాలి. ఐదింటిలో పెద్దదాన్ని ఏరుకోవాలి. ‘వెళ్లిపోతుంది’ అన్నచోట ‘దూసుకొస్తోంది’ అని దిద్దాలి. అన్నట్టు, మన భూమి సూర్యుడి చుట్టూ సెకనుకు సుమారు 30 కిలోమీటర్ల వేగంతో పరుగెడుతోంది. ఆ రాళ్ల మీద కూడా విలేకరులుంటే మన గురించి ఏమని రాస్తున్నారో.

కొలతల విషయంలోనూ ఈ శీర్షికలు రాసేవాళ్ల సేవ మరువరానిది. ఆ పట్టికలో రాయి సైజు తెలియడానికి బస్సంత, ఇల్లంత, విమానమంత, స్టేడియమంత అని పోలుస్తారు. మనవాళ్లు దాన్ని ఉన్నదున్నట్టు తెలుగులోకి దించుకున్నారు. బస్సంటే పల్లెవెలుగా, గరుడా అన్నది ఇంకా తేలాల్సి ఉంది. ఇల్లు అన్నప్పుడు కూడా నాకు చిన్న సందేహం. నేను అద్దెకుంటున్న రెండు గదుల వాటానా, ఎదురుగా ఉన్న కాంట్రాక్టరు గారి మూడంతస్తుల మేడా? తేడా పడితే నష్టం అంచనా మారిపోతుంది.

నిజంగా వచ్చిపడిన రాయి సంగతి మాత్రం వేరే విధంగా జరిగింది. 2013 ఫిబ్రవరి 15న లోకమంతా 2012 డీఏ14 అనే రాయి కోసం కాచుకుని కూర్చుంది. అది చెప్పిన సమయానికి, చెప్పినట్టే, 27,700 కిలోమీటర్ల ఎత్తున మర్యాదగా వెళ్లిపోయింది. అదే రోజు, దానికి కొన్ని గంటల ముందు, దానితో ఏ చుట్టరికమూ లేని ఇరవై మీటర్ల రాయి ఒకటి సూర్యుడి వైపు నుంచి వచ్చి రష్యాలోని చెల్యాబిన్‌స్క్ మీద ఆకాశంలో పేలింది. కిటికీ అద్దాలు పగిలి వెయ్యిమందికి పైగా గాయపడ్డారు. దాని గురించి ముందు రోజు ఒక్క శీర్షిక కూడా లేదు. చెప్పి వచ్చేవి రావు, వచ్చేవి చెప్పవు. శీర్షికలో పేరు చూస్తే నాకు ధైర్యంగా ఉండేది అందుకే.

ఆ ధైర్యం కొంచెం సడలిన సందర్భం ఒకటుంది. 2024 డిసెంబరు 27న చిలీలోని అట్లాస్ టెలిస్కోపు 2024 వైఆర్4 అనే రాయిని కనిపెట్టింది. 2032 డిసెంబరు 22న అది భూమిని తాకే అవకాశం ఒక శాతం దాటింది, రెండు దాటింది, 2025 ఫిబ్రవరి 18న 3.1కి చేరింది. వారం తిరిగేసరికి దాదాపు సున్నాకు పడిపోయింది. ఇందులో శాస్త్రజ్ఞుల తడబాటు ఏమీ లేదు. మేక తప్పిపోయిందనుకోండి. పది ఊళ్లలో ఎక్కడైనా ఉండవచ్చు అన్నప్పుడు అది మన చేలో ఉండే అవకాశం తక్కువ. మిగతా ఊళ్లు గాలించి ‘ఈ ఊళ్లోనే ఉంది’ అనుకోగానే ఆ అవకాశం పెరుగుతుంది. పక్కవాడి చేలో అరుపు వినిపించగానే సున్నా అవుతుంది. మేక మొదటి నుంచీ అక్కడే ఉంది, మారింది మనకు తెలిసిన సంగతి. అయితే అంకె పెరిగిన ప్రతిసారీ నాకు ఎర్ర అక్షరాలతో కబురు పెట్టినవాళ్లు, పడిపోయిన ముక్కను బంగారం ధర కింద చిన్న పెట్టెలో దాచారు. వాళ్లను ఏమీ అనలేం. ‘బతికిపోయారు’ అంటే ఎవరు తెరిచి చూస్తారు? ఆ తరువాత ఒక దశలో అది చంద్రుణ్ణి తాకే అవకాశం నాలుగు శాతం దాకా ఉందని లెక్క వచ్చాక అందరం ఊపిరి పీల్చుకున్నాం. మేతకు లోటు లేదు.

రోజువారీ సరుకు ఇది. ఏటేటా వచ్చే సరుకు వేరే ఉంది. ఆగస్టు రాగానే అంగారకుడు చంద్రుడంత పెద్దగా కనిపిస్తాడన్న కబురు, సంక్రాంతికి గంగిరెద్దులవాడు వచ్చినంత నమ్మకంగా వస్తుంది. అది 2003 నాటిది. ఆ ఆగస్టు 27న అంగారకుడు దాదాపు 60 వేల ఏళ్లలో ఎన్నడూ లేనంత దగ్గరకు, అంటే సుమారు 5 కోట్ల 57 లక్షల కిలోమీటర్ల దూరానికి వచ్చాడు. 75 రెట్లు పెద్దది చేసే టెలిస్కోపులో చూస్తే, మామూలు కంటికి చంద్రుడు కనిపించినంత కనిపిస్తాడని ఎవరో ఈమెయిల్ రాశారు. చేతులు మారుతుండగా టెలిస్కోపు రాలిపోయింది, సంవత్సరం రాలిపోయింది, చంద్రుడు మిగిలాడు.

2025 ఆగస్టు 2న లోకమంతా ఆరు నిమిషాలు చీకటైపోతుందని కూడా వచ్చింది. అసలు సంపూర్ణ సూర్యగ్రహణం 2027 ఆగస్టు 2న. అదీ సన్నటి దారిలోనే, ఈజిప్టు దగ్గర గరిష్ఠంగా 6 నిమిషాల 23 సెకన్లు. ఫ్లైఓవరు మొదలుకొని ఉద్యోగ ప్రకటన దాకా అన్నీ రెండేళ్లు ఆలస్యమయ్యే చోట, రెండేళ్లు ముందే అందిన సమాచారాన్ని తప్పుపట్టడం నాకు నచ్చదు. 2026 ఆగస్టు 12న ఏడు సెకన్ల పాటు భూమి ఆకర్షణ పోతుందన్నప్పుడైతే, భూమి ద్రవ్యరాశి పోతే తప్ప అది పోదని నాసా వివరణ ఇచ్చుకోవలసి వచ్చింది. ఆ వివరణ అందేలోపు మా ఇంట్లో పిండి డబ్బాల మూతలన్నీ బిగించేశాం.

ఇక రెండో పక్షం, అంటే ఉన్నదున్నట్టు చెప్పేవాళ్లు. వాళ్ల దగ్గరా రోజూ సరుకు ఉంది, కాదనను. ‘ఆస్ట్రానమీ పిక్చర్ ఆఫ్ ద డే’ అనే వెబ్‌సైటు 1995 జూన్ 16 నుంచి రోజుకొక బొమ్మ, దాని కింద ఖగోళ శాస్త్రజ్ఞులు రాసిన నాలుగు మాటలు వేస్తోంది. నెల రోజులు చదివాను. ఒక్కనాడైనా గుండె దడ పుట్టలేదు. తోకచుక్క తోక ఎటు తిరిగిందో, ఎందుకు తిరిగిందో చెబుతారు తప్ప మకర రాశివాళ్ల గతి ఏమిటో చెప్పరు. ఆర్కైవ్ (arXiv) అనే వెబ్‌సైటులో శని, ఆదివారాలు తప్పించి కొత్త పరిశోధన పత్రాలు వచ్చిపడుతుంటాయి. వాటి నిండా ‘కావచ్చు’లే. ఒక్క ‘షాక్’ లేదు.

శ్రీహరికోట విషయంలో మాత్రం నాకూ కాస్త ఒళ్లు మండింది. 2025 జనవరి 29న అక్కడి నుంచి నూరో ప్రయోగం. ఎన్‌వీఎస్-02 ఉపగ్రహంతో జీఎస్ఎల్‌వీ రాకెట్ లేచిన ఆ ఉదయమంతా ఫోను మోగుతూనే ఉంది. కొద్ది రోజులకు ఇస్రో పొడిగా రెండు ముక్కలు రాసింది: ఆక్సిడైజర్‌ను వదిలే కవాటాలు తెరుచుకోలేదు, అందువల్ల కక్ష్య పెంచే పని సాగలేదు. అసలు కథంతా ఆ కవాటంలోనే ఉంది. ఎందుకు తెరుచుకోలేదు, మన దారి చూపే ఉపగ్రహాల వరుసలో ఆ లోటు ఎలా పూడుతుంది అని పొద్దున డప్పు కొట్టినవాళ్లలో అడిగినవాళ్లు నాకు కనిపించలేదు. కవాటానికి పాపం బొమ్మ ఏమి వేస్తారు? నిప్పులు కక్కదు, దూసుకురాదు, బస్సంత ఉండదు.

అయినా నా విశ్వాసం చెక్కుచెదరలేదు. 2025 సెప్టెంబరు 7న సంపూర్ణ చంద్రగ్రహణం. మా వంటగది గోడ మీది క్యాలెండరులో రాత్రి 9:57కు పట్టు, 1:26కు విడుపు అని ఏడాది ముందే అచ్చయి ఉంది. ఏడాది ముందే చెప్పేసిన దాన్ని తాజా వార్త అంటారా? నేను మూడు ప్రత్యక్ష ప్రసారాలు తెరిచి హాల్లో కూర్చున్నాను. ఒకదాంట్లో పన్నెండు రాశుల ఫలితాలూ అయ్యాకే చంద్రుణ్ణి చూపిస్తామన్నారు. రెండోదాంట్లో గర్భిణులు కూరగాయలు తరగవచ్చా అని చర్చ నడుస్తోంది. మూడోదాంట్లో చంద్రుడు వచ్చాడు గాని, మధ్యలో చక్రం తిరుగుతూ నిలిచిపోయాడు. పదకొండు దాటాక డాబా మీద నుంచి మా ఆవిడ గొంతు.

“ఏమండీ, ఒకసారి పైకి రండి. చంద్రుడు మొత్తం ఎర్రబడ్డాడు.”

నేను ఫోను వంక చూశాను.

“ఇందులో ఇంకా సగమే పట్టింది. నువ్వు చూస్తున్నది ఏమిటో సరిగ్గా చూసుకో.”