ఈసారి శిబిరంలో మజ్జిగ పోద్దాం

డిసెంబరులో గుంటూరు దగ్గర బడిలో, ఇక్కడ అమెరికాలో ఉన్న మన సంఘం పెట్టిన ఆరోగ్య శిబిరం ఫొటోలు చూసే ఉంటారు. శాలువాలు, బ్యానరు, వెనక వరుసలో పిల్లలు. నేనక్కడే ఉన్నాను. కొందరు పిల్లలకి పెదాల మూలలు పగిలి ఉన్నాయి. ఒక పాపైతే ఫొటోకి నవ్వమంటే నోరు సాగక చెయ్యి అడ్డం పెట్టుకుంది. డాక్టరుగారు బి-కాంప్లెక్స్ రాశారు, తలా ఒక మాత్రల సీసా పంచాం. మధ్యాహ్న భోజనం వండే ఆవిడ గిన్నెలు తోముతూనే అడిగింది: "ఇయ్యి అయిపోయాక ఏం చెయ్యాలండీ?" మైకు దగ్గరున్న మనవాళ్లు వినిపించుకోలేదు. నాకు మాత్రం చురుక్కుమంది.

మాత్రలు తప్పని నేననను. నోరు అలా పగలడానికి కారణాలు చాలా ఉంటాయి, రైబోఫ్లేవిన్ (అదే బి2 విటమిన్, బి-కాంప్లెక్స్‌లో ఉండేదే) లోపం అందులో ఒకటి. అది ఒంట్లో పెద్దగా నిల్వ ఉండదు, రోజూ తిండిలోంచే రావాలి. పెద్దవాళ్లకే రోజుకి 1.1 నుంచి 1.3 మిల్లీగ్రాములు చాలంటారు ఇక్కడ అమెరికాలో. ఒక గ్లాసు పాలతో అందులో మూడో వంతు వచ్చేస్తుంది. గుడ్డు, ఆకుకూర మిగతాది చూసుకుంటాయి.

మరి ఆ ఊళ్లో పాలు లేవా? బోలెడు. తెల్లారకముందే క్యాన్లలో పాల కేంద్రానికి వెళ్లిపోతాయి, వెన్న శాతాన్ని బట్టి డబ్బులొస్తాయి. ఇంట్లో పిల్లలకి మిగిలేది టీ. తమాషా ఏంటంటే బి2 నీళ్లలో కరిగేది, వెన్నతో పోయేది కాదు. చిలికి వెన్నంతా తీసినా మజ్జిగలో ఉంటుంది. గడ్డపెరుగు మీద తేరే ఆ పసుపుపచ్చ తేటకి రంగు దానివల్లే. మనం దాన్ని సింకులో వంపేస్తాం!

మా నాయనమ్మ గుమ్మంలోకొచ్చి దాహమన్నవాళ్లని మజ్జిగ ఇవ్వకుండా పంపేది కాదు. అదే నాయనమ్మ గడ్డపెరుగు మగాళ్ల విస్తళ్లలో వేసి, చివర్న తినే కోడళ్లకి నీళ్ల మజ్జిగ పోసేది, కడుపుతో ఉన్నా సరే. గర్భిణికి బి2 ఇంకాస్త ఎక్కువ కావాలని అప్పుడెవరికి తెలుసు? తెలిసినా పోసేవారా అన్నది వేరే సంగతి.

అందుకే కార్యవర్గానికి నా మనవి. శాలువాల పద్దు ఆపేసి, ఆ డబ్బుతో ఆ బడికి ఏడాది పొడుగునా పెరుగు కొనిద్దాం. పలచగా కాదు, చిక్కగా చిలికి పొయ్యమందాం. పాలైనా పెరుగైనా ఎండలో పెట్టొద్దని చెబుదాం, వెలుతురుకి బి2 పాడవుతుంది. బడ్జెట్ మీటింగులో ఈ ప్రతిపాదన నేనే పెడతాను. దయచేసి చేతులెత్తండి.