సూట్‌కేసుగారి తీర్థయాత్ర

మా తోడల్లుడు పుణ్యం మూటగట్టుకుని వచ్చాడు. మూట మోసింది మాత్రం వేరేవాళ్లు.

పోర్చుగల్‌లో పోర్తో దగ్గర బయల్దేరి, అట్లాంటిక్ ఒడ్డు పట్టుకుని ఉత్తరానికి నడిచి, స్పెయిన్‌లోని సాంతియాగో దే కొంపోస్తేలాకి చేరే దారి ఒకటుంది. యేసు శిష్యుడు యాకోబు సమాధి అక్కడుందని నమ్మి మధ్యయుగాల నుంచి జనం నడుస్తున్న కమీనో దారుల్లో అదొకటి. మొత్తం 280 కిలోమీటర్లకి అటూ ఇటూ. తాపీగా నడిస్తే రెండు వారాలు. మావాడికి యాకోబుగారితో పూర్వపరిచయం లేదు. అయితేనేం, ఏ దేవుడి దారిలో నడిచినా నడక నడకే. నా గొడవ దేవుడితో కాదు, బ్రోషరుతో.

ఆ బ్రోషరు మా టీపాయ్ మీద నెల రోజులుంది. అట్ట మీద ఆకుపచ్చ అక్షరాలు: 'సుస్థిర తీర పాదయాత్ర'. ఈ సుస్థిరం అన్న మాట ఈ మధ్య కూరలో కరివేపాకైంది. వేసేటప్పుడు ఉండి తీరాలి, తినేటప్పుడు ఏరి పక్కన పెట్టాలి. లోపల వివరాలు చూస్తే ఏడు రోజుల నడక, ప్రతి రాత్రీ సొంత స్నానాలగది ఉన్న హోటలు, అలసిపోతే ఫోన్ చేసిన చోటికి కారు. అన్నిటికీ మించి, మీ సామాను మీకంటే ముందే తర్వాతి ఊరికి చేరిపోతుంది. చివర్లో ఓ హామీ: 'ఈ నేల మీద మీ అడుగుజాడ తప్ప మరేదీ మిగలదు'. ఆ అడుగుజాడ మిగల్చడానికి మావాడు వెళ్లేటప్పుడు మూడు విమానాలు, వచ్చేటప్పుడు మూడు విమానాలు మారాడు.

ఇందులో ఓ చిన్న లెక్కుంది. సాంతియాగో ప్రధానాలయం వాళ్లు 'కొంపోస్తేలా' అనే యోగ్యతాపత్రం ఇస్తారు. కాలినడకన వచ్చేవాడు కనీసం చివరి 100 కిలోమీటర్లు నడిచుండాలి. నడిచినట్టు సాక్ష్యంగా యాత్రికుడి పుస్తకంలో రోజుకి రెండు ముద్రలు వేయించుకోవాలి. ఒడ్డు దారిలో ఆ 100 కిలోమీటర్ల గీత సరిగ్గా వీగో నగరం దగ్గర పడుతుంది. వీగోలో విమానాశ్రయం ఉంది, రైలుంది, మంచి హోటళ్లున్నాయి. కాబట్టి భక్తి కూడా అక్కడే మొదలవుతుంది.

మరి తీరమో? వీగో నుంచి ఒక్కరోజు నడిస్తే రెదొందేలా. అక్కడ ఈ ఒడ్డు దారి వెళ్లి లోపలి దారిలో కలిసిపోతుంది. ఆపైన పోంతెవేద్రా, కాల్దాస్ దె రెయిస్, పద్రోన్ మీదుగా ద్రాక్షతోటలూ యూకలిప్టస్ తోపులూ తారురోడ్లూ. అక్కడక్కడా భూమిలోకి చొచ్చుకొచ్చిన సముద్రపు పాయ ఒకసారి పలకరించి పోతుంది, అంతే. ఏడు రోజుల తీరయాత్రలో తీరం మొదటిరోజే సెలవు తీసుకుంటుందన్నమాట. 12వ శతాబ్దపు కోడెక్స్ కాలిక్స్తినుస్ రాతప్రతిలో ఈ దారుల్లోని సత్రాలవాళ్లని శాపనార్థాలు పెట్టిన ఉపదేశం ఒకటుంది. రుచి చూడమని మంచి వైన్ ఇచ్చి, అమ్మేటప్పుడు నాసిరకం పోస్తారట దుర్మార్గులు. తొమ్మిది వందల ఏళ్లు గడిచినా వ్యాపారం ఏమీ మారలేదు. అప్పుడు వైన్, ఇప్పుడు సముద్రం.

మావాడు చూడకుండా వదిలేసినవి చెబితే ఏడుపొస్తుంది. పోర్తో దాటాక ఇసుకతిన్నెల గడ్డి నలక్కుండా కట్టిన చెక్కబాటలు. మిన్యో నది మీద చిన్న పడవ: అటు పోర్చుగల్, ఇటు స్పెయిన్, నది దాటిన పది నిమిషాల్లో గడియారం గంట ముందుకి దూకుతుంది. ఒయియాలో అలల అంచున నిలబడ్డ పాత మఠం. 1493 మార్చి 1న కొలంబస్ ఓడల్లో ఒకటైన పింతా తిరిగొచ్చి ఆగిన బయోనా రేవు. ఇవన్నీ వీగోకి ముందే. నేనూ వెళ్లలేదనుకోండి. మ్యాపు ఒళ్లో పెట్టుకుని, కుర్చీలో కూచుని చేశాను ఈ యాత్ర. సుస్థిరతలో నన్ను కొట్టేవాడు లేడు.

ఇప్పుడు అసలు యాత్రికుడి సంగతికొద్దాం. అంటే మావాడి సూట్‌కేసు.

పొద్దున్నే ఎనిమిదింటికల్లా సూట్‌కేసుగారు హోటల్ గుమ్మం దగ్గరికి వేంచేస్తారు. మెడలో చీటీ: యజమాని పేరు, ఈ రాత్రి మజిలీ. పక్కనే మరో నలభై పెట్టెలు, బ్యాగులు, ఒక గిటారు. వ్యాను వస్తుంది. డ్రైవరు ఒక్కొక్కటీ ఎత్తి లోపల పేరుస్తాడు. మావాడు ఇంకా రెండో కాఫీ దగ్గరుంటాడు. పదకొండున్నరకి పెట్టెలన్నీ తర్వాతి ఊళ్లో, మరో హోటల్ హాల్లో, గోడకి జారబడి కూచునుంటాయి. వాటికి సాయంత్రం దాకా పనేముంది? లోకాభిరామాయణం.

"మీవారు ఎక్కడిదాకా వచ్చారు?" అంటుంది జర్మనీ పెట్టె.

"ఏమోనమ్మా, ముద్ర కోసం ఏదో బార్లో దూరుంటారు. ముద్ర వేస్తే ఓ బీరు తాగాలి కదా, మర్యాద," అంటుంది మాది.

"మావారికి బొబ్బలు లేచాయట."

"మావారికీ లేచేవే. నడిస్తేగా."

ఒక్క మూల పాత భుజంసంచి ఒకటి మాట్లాడకుండా కూచునుంటుంది. దాని యజమానికి మోకాలి ఆపరేషనైంది, డెబ్బై దాటాయి. నిన్నటిదాకా భుజాన్నే మోశాడు, ఈ ఒక్కరోజూ తప్పక పంపాడు. మిగతా పెట్టెలు దాన్ని తమలో కలుపుకోవు.

న్యాయంగా ఆలోచించండి. ఆ ఏడు రోజుల్లో మా సూట్‌కేసు ఒక్క మజిలీ ఎగ్గొట్టలేదు. మావాడు రెండుసార్లు కారెక్కాడు (మా మరదలు చెప్పింది, నేనడగలేదు). వైఫై లేదని పెట్టె ఎవరినీ నిలదీయలేదు. బస ఏర్పాట్లకి స్టార్లు కోయలేదు. తలుపు పక్కన ఎక్కడ పెడితే అక్కడ పడుంది. వినయం, సహనం, నిరాడంబరత్వం: యాత్రికుడికి పెద్దలు చెప్పిన లక్షణాలు దానికి తప్ప ఆ హోటల్లో ఎవరికీ లేవు. కొంపోస్తేలాలో యాత్రికుడి పేరు లాటిన్‌లో రాసిస్తారు. ఆ లాటిన్ పేరు ఎవరిదై ఉండాలో మీరే చెప్పండి. ప్రధానాలయం వారు పెట్టెలకో ప్రత్యేక కౌంటరు తెరవాలని, క్యూలో చక్రాలున్నవాటికీ లేనివాటికీ తేడా చూపకూడదని సవినయంగా విన్నవిస్తున్నాను. 2024లో దాదాపు 5 లక్షల మందికి ఆ పత్రాలు ఇచ్చారు. లక్షమంది ఉండే ఊరది. ఇంకో లక్ష పెట్టెలు వస్తే మాత్రం ఏం మునుగుతుంది?

ఆ ఆలయంలో బోతాఫుమెయిరో అనే పెద్ద ధూపపాత్ర ఉంది. 53 కిలోలు. ఎనిమిది మంది తాడు పట్టి లాగితే కప్పు కింద ఈ చివరి నుంచి ఆ చివరికి ఊగుతుంది. వారాల తరబడి నడిచొచ్చినవాళ్ల చెమట కంపు పోగొట్టడానికే అది పెట్టారని ఓ మాట. మావాడు లావెండర్ సబ్బు వాసనతో లోపలికెళ్లాడు. ధూపం దండగ.

మీరు అనబోయేది నాకు తెలుసు. అలిపిరి దగ్గర మనవాళ్లూ సామాను వ్యానుకిచ్చి, 3,550 మెట్లూ ఉత్తచేతులతో ఎక్కుతారు కదా అని. ఎక్కుతారు. దేవస్థానం ఉచితంగానే కొండమీదికి చేరుస్తుంది. నేనూ ఇచ్చాను. కానీ ఆ వ్యాను మీద ఎవరూ ఆకు బొమ్మ వేసి 'సుస్థిరం' అని రాయలేదు. ఎక్కినవాడు కూడా "గోవిందా" అన్నాడు గానీ "భూగోళాన్ని కాపాడుతున్నాను" అనలేదు. ఇక ఇరుముడి సంగతి వేరే చెప్పాలా? దాన్ని కొరియర్లో పంబకి పంపించిన స్వామిని ఎవరైనా చూశారా? నడుం నొప్పులవాళ్లు, పెద్దవాళ్లు, పసిపిల్లలతో వెళ్లేవాళ్లు సామాను పంపుకుంటే నాకేం బాధ? మావాడు రోజూ జిమ్‌లో 60 కిలోలు ఎత్తుతాడు. ఎత్తి, ఫోటో కూడా పెడతాడు.

ఇప్పుడు కమీనో దారుల్లో ఎక్కడ చూసినా కనిపించే పసుపు బాణాలు 1984లో ఎలియాస్ వలీన్యా అనే పల్లెటూరి ఫాదర్ గీయడం మొదలుపెట్టినవి. అప్పటికి ఆ దారి జనం మరిచిపోయిన దారి. గోడల మీదా చెట్ల మీదా రంగు పూస్తున్న ఆయన్ని పోలీసులు ఆపి ఏం చేస్తున్నావని అడిగితే, దండయాత్రకి ఏర్పాట్లు చేస్తున్నానన్నాడని చెప్పుకుంటారు. పాపం, సరదాకి అన్నాడు. అది దండుగానే దిగింది. ఇప్పుడు సాంతియాగో పాతబస్తీలో ఇళ్లెన్నో యాత్రికుల బసలైపోయి, అద్దెలు కట్టలేక ఊరివాళ్లే బయటికి నడుస్తున్నారు. వాళ్ల నడకకి ముద్ర వేసేవాడు లేడు.

ఇంతవరకూ నవ్వుకుంటూనే చదివాను ఆ బ్రోషరు. చివరి పేజీలో నీలిసముద్రం ఫోటో కింద ఓ వాక్యం ఉంది: 'మనిషి చెయ్యి తగలని తీరం'.

చెయ్యి తగలనిదా?

2002 నవంబరులో ప్రెస్టీజ్ అనే నౌక 77,000 టన్నుల చమురుతో వెళ్తూ, ఈ సాంతియాగో ఉన్న గాలీసియా ప్రాంతపు తీరం దగ్గర దెబ్బతింది. ఏ రేవులోకీ రానివ్వలేదు. నడిసముద్రంలోకి ఈడ్చుకుపోయారు. ఆరు రోజుల తర్వాత, 19న, రెండు ముక్కలై మునిగింది. తారులాంటి నల్లటి జిగట అలల మీద వచ్చి రాళ్లకీ ఇసుకకీ పక్షుల రెక్కలకీ అంటుకుంది. డిసెంబరులో అది దక్షిణాన ఉన్న సముద్రపు పాయల వైపు వస్తోందని తెలిసి, అక్కడి జాలర్లు తమ పడవలేసుకుని ఎదురెళ్లారు. సరైన సరంజామా లేదు. బకెట్లు, చేపలు తోడుకునే చేతివలలు, అవీ చాలనిచోట ఉత్త చేతులు. ఆ చేతులతో సముద్రంలోంచి చమురు తోడారు. ఆల్చిప్పలు పెంచుకునే తెప్పలు ఆ పాయల్లోనే ఉన్నాయి మరి, అది వాళ్ల తిండి. ఒడ్డున వేలాదిమంది తెల్లబట్టలు తొడుక్కొచ్చి, మోకాళ్ల మీద కూచుని, ఒక్కో రాయీ గీకారు. సముద్రం మీద వేట నెలల తరబడి ఆపేశారు. 'నుంకా మైస్' అన్నారు, ఇంకెప్పుడూ వద్దని. వీధుల్లోకొచ్చి అరిచారు.

ఆ తీరాన్ని పట్టుకుని చెయ్యి తగలలేదంటావా? ప్రతి రాయికీ తగిలిందిరా! అంత చెయ్యి తగలబట్టే నీ ఫోటోలో నీళ్లు నీలంగా ఉన్నాయి. ఇవాళ తోపుల్లో చెట్ల వెనక నువ్వు వదిలిపోయిన టిష్యూకాగితాలున్నాయే, వాటిని ఏరేదీ ఒక చెయ్యే. నువ్వు పొర్లిన పరుపు మీద దుప్పటి మార్చేదీ ఒక చెయ్యే. స్పెయిన్ హోటళ్లలో గదులూడ్చే ఆడవాళ్లు సంఘం పెట్టుకుని, 'కెల్లీలు' అని తమకి తామే పేరు పెట్టుకుని, గదికింతని ఇచ్చే కూలి మీద ఏళ్లుగా కొట్లాడుతున్నారు. నీ 15 కిలోల పెట్టె ఎత్తి వ్యానులో పెట్టి, దించి, మళ్లీ రేపు ఎత్తేవాడికి నడుం ఉంది. వీటిలో ఏదీ నీకు కనపడకుండా ఏర్పాటు చేసి, దానికి సుస్థిరం అని పేరెట్టి, దానికో రేటు కట్టి అమ్మాడు ఆ బ్రోషరువాడు. నువ్వు కొన్నావు.

సరే. బి.పి. మాత్ర వేసుకున్నాను.

మావాడు విమానాశ్రయం నుంచి నేరుగా మా ఇంటికే వచ్చాడు. కింద నుంచి ఫోన్. లిఫ్టు పనిచేయడం లేదట. మాది మూడో అంతస్తు. దిగి వెళ్లాను. గేటు దగ్గర నిలబడున్నాడు, మెడలో యాత్రికుల గుర్తు ఆల్చిప్ప, చేతిలో చుట్టచుట్టిన కొంపోస్తేలా. పక్కన సూట్‌కేసు, హ్యాండిలుకి ఏడు చీటీలు.

"అన్నయ్యగారూ, వంద కిలోమీటర్లు నడిచొచ్చాను కదా, కాళ్లు పట్టేశాయి. మీరు కాస్త ఓ చెయ్యి వేస్తారా?"

వేశాను. రెండో అంతస్తు దగ్గర ఆగి, ఊపిరి తీసుకుని, పెట్టెని మెట్టు మీద నిలబెట్టాను. పైనుంచి మా ఆవిడ కేకేసింది, కాఫీ కలపనా అని. మావాడు అప్పటికే సోఫాలో కూచున్నాడు.