లారీ వైపర్ మోటారు స్టిక్కుకు పనికిరాదు, అమ్మేవాళ్లకి ఎవరన్నా చెప్పండి

ఇందాక నెల్లూరు ట్రంకు రోడ్డులో ఒక షాపాయన ఒక పిల్లోడికి లారీ వైపర్ మోటార్లు రెండు అంటగట్టి పంపాడు. ఫ్లైట్ సిమ్యులేటర్, అంటే కంప్యూటర్లో విమానం నడిపే ఆట, దాని స్టిక్కుకంట. "24 వోల్టులది, బలమైంది, కళ్లు మూసుకుని తీసకపో అబ్బయా" అన్నాడు. ఒళ్లు మండిపోతా ఉంది. బలముంటే సరిపోద్దా? దాంట్లో ఉండేది వార్మ్ గేరు. మోటారు తిరిగితే షాఫ్ట్ తిరుగుద్ది గానీ, షాఫ్ట్ పట్టుకుని తిప్పితే మోటారు కదలదు. స్టిక్ బిగుసుకుపోద్ది. చెయ్యి నెడితే తగ్గాలి, వదిలితే తిరిగి తొయ్యాలి. ఫోర్స్ ఫీడ్‌బ్యాక్ అంటేనే అది కదా!

పాత ఎలక్ట్రిక్ స్కూటర్లలో దొరికే 24 వోల్టుల, 250 వాట్ల బ్రష్ మోటారు ఇచ్చుంటే పనయ్యేది. మోటారుకు 20 పళ్ల పుల్లీ, స్టిక్ షాఫ్టుకు 120 పళ్లది, మధ్యలో 5 మిల్లీమీటర్ల పిచ్ టైమింగ్ బెల్ట్. బలం ఆరింతలవుద్ది, లొడలొడ ఉండదు. గేర్‌బాక్స్ పెడితే నడిమధ్యలో ఆ లూజంతా చేతికి తగులుద్ది. ఇంకో సంగతి, ఇక్కడ మోటారు తిరగదు, ఆగిపోయి తోస్తా ఉంటది. అట్టాంటప్పుడు ప్లేటు మీద రాసిన 13 ఆంపియర్లూ అదేపనిగా వదిలితే లోపల వైండింగ్ మాడిపోద్ది. 5, 6 దాటనియ్యొద్దు.

మోటారుకి కరెంటు అందించే డ్రైవర్ బోర్డుదీ అదే మోసం. బీటీఎస్7960 అనే బోర్డు మీద 43 ఆంపియర్లని రాస్తారు, ఆ బుల్లి హీట్‌సింక్ అంత వేడి మొయ్యలేదు. పీడబ్ల్యూఎం (కరెంటును వేగంగా వేసి ఆపే పద్ధతి) 490 హెర్ట్‌జ్‌లోనే వదిలేస్తే మోటారు కీచుమంటది, 20 కిలోహెర్ట్‌జ్‌కి పెంచాల. స్టిక్‌ని కంప్యూటర్‌కి కలిపే బుల్లి బోర్డుగా ఆర్డునో ఊనో ఆర్3 కొనొద్దు, అది కంప్యూటర్‌కి నేరుగా జాయ్‌స్టిక్‌లా కనపడదు. లియోనార్డో తీసుకోండి. స్టిక్ ఎంత తిరిగిందో కొలిచే ఏఎస్5600 సెన్సార్ కింద పెట్టే అయస్కాంతానికి ధ్రువాలు వ్యాసం వెంబడి ఉండాల. మామూలు గుండ్రటి బిళ్ల పెడితే అంకెలు పిచ్చిగా దూకుతాయి. చేత్తో గట్టిగా నెట్టినప్పుడు మోటారే డైనమో అయి కరెంటు వెనక్కి తోస్తది, దాంతో ఎస్ఎంపీఎస్ (కరెంటిచ్చే పవర్ సప్లై డబ్బా) ట్రిప్పయిపోద్ది. యూపీఎస్ బ్యాటరీలు 12 వోల్టులవి రెండు వరసగా కలిపితే ఆ కరెంటును అవే మింగేస్తాయి.

అసలు నాకు ఎప్పట్నించో ఉన్న మంట వేరే ఉంది. లోపల సెల్‌ఫోన్‌లోలా వణికే ముక్కొకటి పెట్టి, డబ్బా మీద "ఫోర్స్ ఫీడ్‌బ్యాక్" అని అచ్చేసి అమ్ముతున్నారు. వణుకు బలమవుద్దా? సెస్నా 172 అనే చిన్న విమానంలో వేగం 50 నాట్ల నించి 100కి పోతే అదే ఎలివేటర్‌కి (తోకలో ఉండి ముక్కును పైకీ కిందకీ తిప్పే రెక్క) యోక్, అంటే స్టిక్ బదులుండే చేతిచక్రం, మీద నాలుగింతల బరువు పడుద్ది. ట్రిమ్ (చేతి మీది బరువు తగ్గించే చక్రం) తిప్పితే మధ్య బిందువే జరుగుద్ది. ఆ రెండూ లేకపోతే ల్యాండింగ్‌లో చేతికేం తెలుస్తది? ఎయిర్‌బస్ ఏ320 విమానం ఒక్కటే నడిపేవాళ్లు మోటార్లు కొననే అక్కర్లేదు, ఆ సైడ్‌స్టిక్ నిజం విమానంలోనే స్ప్రింగు మీద ఉంటది. ఈ మాట ఒక్క షాపులో అయినా చెప్తున్నారా?

మోటారు లైన్‌లో ఎర్ర అత్యవసర స్విచ్ తప్పనిసరి. యూఎస్‌బీ పీకితే మోటారు ఆగుద్దన్న నమ్మకం లేదు. ప్రోగ్రాం తప్పుతోవ పడితే స్టిక్ వచ్చి వేళ్లని ఫ్రేముకేసి నొక్కేస్తది.

ఆ పిల్లోడు మీకు తెలిసినోడైతే, మోటార్లు ఇంకా విప్పకపోయుంటే, రేపు పొద్దున్నే తిరిగిచ్చెయ్యమనండి.