రాడార్‌లో ఖాళీ, కళ్లంలో వాన: సీమలో ఆ మ్యాప్‌ని ఎలా చదవాలి?

ఫోన్‌లో వాన రాడార్ చూసి పనులు సర్దుకునే అలవాటు మన సీమలో కూడా బాగానే పాకింది. మంచిదే. కానీ అదే మ్యాప్ హైదరాబాద్‌లో ఉన్నవాళ్లకు చెప్పేది ఒకటి, కర్నూలులో ఉన్నవాళ్లకు చెప్పేది ఇంకొకటి. అనంతపురంలో ఉన్నవాళ్లకైతే చాలాసార్లు అసలేమీ చెప్పదు. ఈ తేడా తెలియకుండా "రాడార్‌లో ఏమీ లేదులే" అనుకుని శనక్కాయ చెట్లు పీకి చేన్లో పరిచేస్తే, కాయ బూజు పట్టి, కట్టె నల్లబడి, అటు అమ్ముకోవడానికీ ఇటు పశువులకు వేయడానికీ పనికిరాకుండా పోతుంది.

రాడార్ నుంచి వెళ్లిన రేడియో తరంగాలు గాల్లోని చినుకులకు తగిలి వెనక్కి వస్తాయి, ఎంత బలంగా తిరిగొచ్చాయో దాన్నిబట్టి మ్యాప్ మీద పచ్చ, పసుపు, ఎరుపు రంగులు పడతాయి. అసలు చిక్కంతా దూరంతోనే. తరంగాన్ని నేల మట్టంగా కాకుండా కాస్త పైకి ఎత్తి వదులుతారు. పైగా భూమి గుండ్రం కాబట్టి దూరం పోయేకొద్దీ నేల కిందికి ఒంగుతుంటుంది, తరంగమేమో నేలకు అంతకంతకూ ఎడమవుతూ పోతుంది. హైదరాబాద్‌లోని వాతావరణ శాఖ రాడార్ నుంచి కర్నూలుకు గాలి దారిన సుమారు 185 కిలోమీటర్లు. అర డిగ్రీ ఎత్తున వదిలిన తరంగం ఇక్కడికి వచ్చేసరికి మన నెత్తి మీద మూడున్నర కిలోమీటర్ల పైనే ఉంటుంది. అనంతపురానికి 320 కిలోమీటర్ల దాకా వస్తుంది, లెక్కవేస్తే అక్కడ ఆ ఎత్తు ఎనిమిది కిలోమీటర్లు దాటిపోతుంది. పోనీ చెన్నై రాడార్‌తో చూద్దామంటే అదీ ఇంచుమించు అంతే దూరం. వాన ఎంత పడుతోందో కాస్త నమ్మకంగా చెప్పాలంటే ఇలాంటి పెద్ద రాడార్‌కైనా 250 కిలోమీటర్లే హద్దు. కడప పరిస్థితి కొంత మెరుగు, శ్రీహరికోట రాడార్ 175 కిలోమీటర్ల లోపే ఉంది, కాకపోతే మధ్యలో వెలికొండలు ఉన్నాయి.

అంటే మన మీద రాడార్‌కు కనిపించేది మబ్బు పైభాగం మాత్రమే, మబ్బు కింద జరిగేది దానికి తెలియదు. ఇది రెండు రకాలుగా మోసం చేస్తుంది. జూన్, జూలైలో నైరుతి గాలికి కిందికిందనే సాగే మబ్బులు గంటల తరబడి తుంపర పెడతాయి, బట్టలు తడుస్తాయి, మిరపకాయలు తడుస్తాయి, రాడార్ మాత్రం శుభ్రంగా ఖాళీగా ఉంటుంది. మేలో దీనికి పూర్తిగా వ్యతిరేకం. పైన చినుకు ఉంటుంది, మ్యాప్ మీద ఎర్రటి మచ్చ కూడా పడుతుంది, కింద గాలి అంత పొడిగా ఉండటంతో ఆ చినుకు నేలకు చేరకముందే ఆవిరైపోయి మనకు గాలీ దుమ్మూ మిగులుతాయి. ఏడాది మొత్తం మీద 550 మిల్లీమీటర్ల అటూ ఇటూ వాన పడే అనంతపురం లాంటి చోట ఈ రెండు పొరపాట్లూ చిన్నవి కావు. ఒకటి కోసిన పంటను తడిపేస్తుంది, ఇంకొకటి వచ్చే పదును మీద ఆశపెట్టి విత్తనం దించేలా చేస్తుంది.

అలాగని రాడార్‌ని పక్కన పడేయమని నేను అనడం లేదు. సెప్టెంబరు, అక్టోబరు సాయంత్రాల్లో మన దగ్గర పడే ఉరుముల వాన వేరు. ఆ మబ్బులు పది, పన్నెండు కిలోమీటర్ల ఎత్తుకు పెరుగుతాయి, దూరం నుంచి కూడా రాడార్‌కు దొరికిపోతాయి. సరిగ్గా మన ఎర్రగడ్డలూ శనక్కాయలూ బయట ఆరుతూ ఉండే రోజులే అవి. అందుకే ఈ రెండు నెలలూ రాడార్ చూడటం వచ్చినవాళ్లకు నిజంగా మేలు జరుగుతుంది.

చూడటం అంటే ఒక్క ఫొటో చూడటం కాదు. గంట నుంచి వచ్చిన చిత్రాలను వరసగా కదిలించి చూడాలి. నాలుగింటికి గద్వాల మీద ఉన్న ఎర్ర మచ్చ ఐదింటికి మానవపాడు మీదికి వచ్చిందనుకుందాం. గంటలో ముప్పై కిలోమీటర్ల పైచిలుకు నడిచింది, దిక్కు మన వైపే, కర్నూలుకు ఇంకా మిగిలింది ఇరవై కిలోమీటర్లు కూడా ఉండదు, అంటే పట్టలు కప్పడానికి అరగంట ఉంది. ఇంతకంటే పెద్ద లెక్క అక్కర్లేదు. కానీ ఒక్క ఉరుము మబ్బు ఆయుష్షు మామూలుగా అరగంట, గంట. అది కరిగిపోతూ పక్కన ఇంకోదాన్ని లేపుతుంది, ఒక్కోసారి లేపదు. కాబట్టి గంట, గంటన్నర దాటి రాడార్‌ని నమ్మకండి. కొన్ని యాప్‌లు ముందుకు జరిపి రాత్రి పదింటికి ఏమవుతుందో కూడా రంగుల్లో చూపిస్తాయి, అది రాడార్ చూసింది కాదు, కంప్యూటర్ అంచనా. రెండింటికీ ఒకే రంగులు వాడటం నా దృష్టిలో చాలా తప్పు.

టైమ్ సంగతి కూడా చెప్పాలి. రాడార్ చుట్టూ తిరిగి చూడటానికి పది నిమిషాలు పడుతుంది, చిత్రం వెబ్‌సైట్‌కు ఎక్కేసరికి ఇంకొంచెం. చిత్రం మీద యూటీసీ అని ఉంటే దానికి అయిదున్నర గంటలు కలిపితేనే మన టైమ్. ఇవన్నీ పోనీ అనుకున్నా, ఊరి వాట్సాప్ గ్రూపుల్లో తిరిగే స్క్రీన్‌షాట్లు ఉన్నాయే, వాటితోనే అసలు టెన్షన్. ఎవరో మూడింటికి పెట్టిన బొమ్మను ఇంకెవరో ఐదున్నరకు ఫార్వర్డ్ చేస్తారు, టైమ్ ఉన్న మూల కట్ అయిపోయి ఉంటుంది, దాన్ని చూసి కూలీలను ఇంటికి పంపేసేవాళ్లు, అప్పటికప్పుడు పట్టలు అద్దెకు తెచ్చుకునేవాళ్లు ఉంటారు. టైమ్ లేని రాడార్ బొమ్మను ఎవరికీ పంపకండి.

పిడుగుల విషయంలో మాత్రం రాడార్ కోసం చూస్తూ కూర్చోవద్దు. పుణెలోని వాతావరణ పరిశోధన సంస్థ ఐఐటీఎం తయారుచేసిన దామిని యాప్ చుట్టుపక్కల పిడుగులు పడే ముప్పుంటే హెచ్చరిస్తుంది, అది ఫోన్‌లో ఉంచుకోండి. ఉరుము వినపడిందంటే అప్పటికే మీరు పిడుగు పడే దూరంలో ఉన్నట్టు. మ్యాప్‌లో ఏ రంగు ఉన్నా సరే, చెట్టు కింద నిలబడకుండా పక్కా ఇంట్లోకి వెళ్లిపోవాలి. పొలంలో పనిచేసే ఆడవాళ్ల దగ్గర చాలాసార్లు స్మార్ట్‌ఫోన్ ఉండదు, ఆ కబురు వాళ్లకు చేర్చాల్సింది పనికి పిలిచినవాళ్లే.

ఇదంతా ఒక్కో రైతు సొంతంగా నేర్చుకోవాలనడం న్యాయం కాదు. కర్నూలు మార్కెట్ యార్డులో ఎర్రగడ్డల కుప్పలు షెడ్డు దాటి ఆరుబయట దాకా పోసి ఉంటాయి, వేలం అయ్యి, కాటా పడి, లారీకి ఎక్కేదాకా అవి రైతువే. అక్కడ కమిటీ ఆఫీసులో ఒక మనిషి సాయంత్రం పూట రాడార్, వాతావరణ శాఖ మూడు గంటలకోసారి ఇచ్చే నౌకాస్ట్ (వచ్చే కొద్ది గంటల అంచనా) రెండూ చూసి మైకులో చెప్పడానికి ఎంత ఖర్చవుతుంది? ఆదోని పత్తి యార్డుకైనా, పత్తికొండ టమాటా మార్కెట్‌కైనా ఇదే మాట. రైతు సేవా కేంద్రాల్లో కూడా ఈ పని పెట్టొచ్చు. మండలాల్లో ఉన్న ఆటోమేటిక్ వాన గేజీల లెక్కను రాడార్ పక్కన పెట్టి చూస్తే, రాడార్‌కు కనపడని తుంపర కూడా తెలిసిపోతుంది.

ఇక పెద్ద పని ప్రభుత్వాలది. విశాఖ, మచిలీపట్నం, శ్రీహరికోట రాడార్లు తుపాన్ల కోసం తీరం వెంబడి పెట్టినవి, అవి అక్కడ ఉండాల్సిందే. కానీ కరువు సీమ అని పేరు పెట్టి, ప్రతి చినుకూ లెక్కే అని చెబుతూ, అన్ని రాడార్లకూ అంచున ఉండే చోటుగా మనల్ని వదిలేయడం ఎలా సబబు? 2024 సెప్టెంబరులో కేంద్ర కేబినెట్ 2,000 కోట్ల రూపాయలతో, వాతావరణ అంచనాలను మెరుగుపరిచే మిషన్ మౌసమ్ పథకానికి ఆమోదం తెలిపింది, రాడార్లు పెంచడం అందులో ముఖ్యమైన పని. మనకు పెద్దది కూడా అక్కర్లేదు. హిమాచల్, ఉత్తరాఖండ్ కొండల్లో పెట్టిన ఎక్స్ బ్యాండ్ రకం చిన్న రాడార్ చుట్టూ వంద కిలోమీటర్ల దాకా చూస్తుంది. అనంతపురంలో అలాంటిది ఒకటి నిలబెడితే గుంతకల్లు, కదిరి, పులివెందుల అన్నీ దాని పరిధిలోకి వస్తాయి. సీమ ఎంపీలందరూ పార్టీలు పక్కన పెట్టి వచ్చే సమావేశాల్లోనే అడగాల్సిన పని ఇది.