బ్లాక్డ్ అకౌంట్ గారికి, తిరుపతి నుంచి ఒక కండక్టర్ కొడుకు రాసుకునేది

అయ్యా బ్లాక్డ్ అకౌంట్ గారూ,

ఇక్కడ మేమంతా క్షేమం, అక్కడ మీరు క్షేమమని తలుస్తాను. క్షేమంగానే ఉంటారు లెండి, మా ఇంట్లో డబ్బులన్నీ మూటగట్టి మీ దగ్గర పెట్టినాక మీకేం తక్కువ. అప్పిచ్చినోళ్ళని గారు అంటాం సరే, మన దగ్గర తీసుకున్నోళ్ళని కూడా గారు అనాల్సి రావడం మాత్రం మా వంశంలో ఇదే ఫస్ట్ టైమ్.

నాది తిరుపతి కొర్లగుంట, బీటెక్ మెకానికల్ అయిపోయింది, జర్మనీలో మాస్టర్స్‌కి అడ్మిట్ వచ్చింది, అక్టోబర్‌లో వింటర్ సెమిస్టర్. మా నాయన ఆర్టీసీలో కండక్టరు, ఎక్కువగా మదనపల్లె బస్సు, భాకరాపేట ఘాట్‌లో నిలబడి టికెట్లు కొట్టి కొట్టి మోకాళ్ళు అరిగిపోయినాయి. ఇంక మీరెవరంటే, జర్మనీ వీసా కావాలంటే అక్కడ ఏడాది ఖర్చంతా ముందే కట్టి, పోయినాక నెలకింత అని వెనక్కి తీసుకోవాల్సిన అకౌంటు. జర్మన్‌లో మీ పేరు ష్పెర్‌కోంటో అని ఇంట్లో చెప్పిన రోజు మా అవ్వ "సప్పరకుంటనా? యాడుండాది అది, పీలేరు కాడనా?" అనింది. అప్పట్నుంచి మా ఇంట్లో మీరు సప్పరకుంటే. "సప్పరకుంటకి డబ్బులు చేరినాయా" అని పక్కింటోళ్ళు కూడా అడుగుతా ఉండారు, మేము అక్కడేదో ప్లాటు కొన్నామనుకుంటా ఉండారేమో అని నాకు డౌటు.

అసలు ఈ కథంతా "జర్మనీలో చదువు ఫ్రీ అంట గదా" అనే ఒక్క ముక్కతో మొదలైంది. అన్నది మా చిన్నాయన. అబద్ధమేం కాదు, అక్కడ గవర్నమెంటు యూనివర్సిటీల్లో చాలావాటికి ట్యూషన్ ఫీజు లేదు, బాడెన్ వుర్టెంబర్గ్ రాష్ట్రంలో మాత్రం 2017 నుంచి మనలాంటోళ్ళకి సెమిస్టర్‌కి 1,500 యూరోలు పెట్టినారు. అయినా ఫ్రీ అంటే ఏందో తిరుపతోళ్ళకి ఒకరు చెప్పాలా? సర్వదర్శనం కూడా ఫ్రీనే. ఆ ఫ్రీ ఎంత పొడుగుంటాదో కంపార్ట్‌మెంట్లో కూర్చున్నోడిని అడగాల. నా క్యూలో మొదటి కంపార్ట్‌మెంట్ ఏపీఎస్ సర్టిఫికెట్, అంటే మన డిగ్రీ నిజంగా డిగ్రీనే అని వాళ్ళు చూసి ఇచ్చే కాగితం, 2022 నవంబర్ నుంచి మనోళ్ళకి కంపల్సరీ, 18,000 రూపాయలు. రెండోది యూని అసిస్ట్, అంటే మన అప్లికేషన్లు చూసి అక్కడి యూనివర్సిటీలకి పంపే ఆఫీసు, మొదటి అప్లికేషన్‌కి 75 యూరోలు, తర్వాత ఒక్కోదానికి 30, నేను ఆరు వేసినా. అన్నీ దాటుకుని, హమ్మయ్య ఇంక బంగారు వాకిలే అనుకుని తలెత్తి చూస్తే మీరు అడ్డంగా నిలబడి ఉండారు.

11,904 యూరోలు. ఈ నంబరు మా అవ్వకి కూడా నోటికొచ్చేసింది. నెలకి 992 చొప్పున పన్నెండు నెలలకి అని లెక్క చెప్పంగానే మా నాయన "రౌండుగా పన్నెండు వేలు అనచ్చు గదా, ఈ చిల్లరెవురు ఇస్తారు" అన్నాడు, వృత్తి ధర్మం. ఈ 992 యాడ్నుంచి వచ్చిందా అని నేను వెతికినా. అక్కడి గవర్నమెంటు వాళ్ళ పిల్లోళ్ళకి చదువుకోను బాఫోగ్ అని ఒక సాయం ఇస్తాదంట, దాంట్లో నెలకి ఎక్కువలో ఎక్కువ ఎంతిస్తారో అదే మాకు కొలత. అంటే అక్కడి పిల్లోడికి 992 దాకా చేతిలో పెట్టి చదువుకో నాయనా అంటాది, నన్నేమో అదే 992 మీ ఇంట్లోంచి తెచ్చుకుని నాకు చూపించు నాయనా అంటాది. 2018లో పోయిన మా సీనియర్ ఒకన్న 8,640 కట్టినాడు, 2023లో పోయినోళ్ళు 11,208, 2024 సెప్టెంబర్ నుంచి ఇదిగో ఈ 11,904. మీరు ఎదిగే వయసు పిల్లోడు మాదిరి ఉండారు సార్, ప్యాంట్లు మాత్రం మేం కుట్టించాల.

కుట్టించినాం. నాయన సీసీఎస్ లోన్, అదే ఆర్టీసీ ఉద్యోగుల సొసైటీ అప్పు కొంత, పీఎఫ్ కొంత, అమ్మ గాజులు తాకట్టు కొంత. బ్యాంకులో బయటి దేశానికి డబ్బులు పంపే ఏ2 ఫారం నింపతా యూరో రేటు అడిగితే సోమవారం ఒకటి చెప్పినారు, గురువారానికి యూరో ఒక రూపాయి పెరిగింది. రూపాయే గదా అంటారేమో, మీ దగ్గర రూపాయి అంటే 11,904 రూపాయలండీ.

సరే పంపినాం, ఇంట్లో పాయసం కూడా చేసుకున్నాం, పదిరోజులకి మీ దగ్గర్నుంచి మెయిల్. మీ అకౌంట్‌లోకి 11,886 యూరోలు వచ్చినాయి, 18 తక్కువ, కాబట్టి కన్ఫర్మేషన్ ఇవ్వలేము. ఇక్కడి బ్యాంకుకి అక్కడి బ్యాంకుకి మధ్యలో ఇంకో బ్యాంకు ఉంటాదంట, పెళ్ళి సంబంధంలో మధ్యవర్తి లాగా, అది తన కమీషను తను కోసుకుని మిగిలింది పంపిస్తాది. ఫారంలో చార్జీలన్నీ పంపేవాళ్ళవే అని ఒక టిక్ పెట్టుంటే ఈ గొడవ ఉండేది కాదు, మేము పెట్టలే, కౌంటర్లో ఉన్నాయన చెప్పలే. మా నాయన ఆ మెయిల్ని తెలుగులో నాతో రెండుసార్లు చదివించుకుని, "అంత పెద్ద టికెట్ కొన్నోన్ని 18 యూరోలకి దించేస్తారా? భాకరాపేటలో ఎక్కే ముసలోళ్ళ దగ్గర ఐదు రూపాయలు తక్కువైతే నేనే జేబులోంచి ఏసి తీసుకుపోతా గదరా" అన్నాడు. మళ్ళా పోయి 18 పంపినాం. ఆ పద్దెనిమిది పంపేదానికి అయిన చార్జీ దాదాపు ఇంకో పద్దెనిమిది. దాని గురించి ఇంట్లో ఎవరూ మాట్లాడరు.

అప్పులంటే మాకు కొత్త కాదండీ. మా సామే అప్పు చేసి పెళ్ళి చేసుకున్నాడు. కుబేరుడి దగ్గర తీసుకున్నాడు, బ్రహ్మ, శివుడు సాక్షి సంతకాలు, కలియుగం అయిపోయేదాకా వడ్డీ, అసలు ఆఖర్న. హుండీలో మనం వేసేదంతా ఆ వడ్డీకే పోతాదని మా అవ్వ చిన్నప్పట్నుంచీ చెప్తా ఉండాది. కానీ ఒకటి చూడండి, కుబేరుడు డబ్బులు చేతికిచ్చినాడు. పెళ్ళి ఖర్చుకి నెలకింత అని వదులుతా, ముందు నారాయణవనంలో అడ్రస్ ప్రూఫ్ తీసుకురా అనలేదు. డబ్బులు కొలిచే పని అన్నగారు గోవిందరాజస్వామి చేసినాడు, కొలిచి కొలిచి అలిసిపోయి కుంచం తలకింద పెట్టుకుని పడుకున్నాడు, రైల్వే స్టేషన్ దగ్గర గుళ్ళో ఇప్పటికీ అట్లనే పడుకోని ఉండాడు. మీరు మాత్రం అలిసేరకం కాదు. నెలకొక కుంచం మాకు కొలిచి, మిగతా మూటంతా తలకింద పెట్టుకుంటారు.

అడ్రస్ ప్రూఫ్ అని ఊరికే అనలేదు. నేను అక్కడ దిగినాక ముందు ఇల్లు దొరకాల, ఇల్లిచ్చినాయన వీడు నా ఇంట్లో ఉండాడు అని కాగితం రాసియ్యాల, అది తీసుకుని టౌన్ ఆఫీసుకి పోయి ఆన్‌మెల్డుంగ్ అని పేరు నమోదు చేయించుకోవాల, అదీ ఇంట్లో దిగిన రెండు వారాల్లోపల, ఒక మామూలు అకౌంటు తెరవాల, అప్పుడు మీరు దయదలచి మొదటి 992 వదులుతారు. ఇల్లిచ్చే ఆయనేమో మూడు నెలల అద్దె దాకా అడ్వాన్సు అడగచ్చంట. పిచ్చి కుదిరితేగానీ పెళ్ళి కాదు, పెళ్ళయితేగానీ పిచ్చి కుదరదు. అందుకని మీ దగ్గర 11,904 ఉన్నా కూడా జేబులో వేరేగా యూరోలు పెట్టుకుని పోవాల. అమ్మ దానికి బనీను లోపల జేబు కుడతా ఉండాది, జిప్పు కూడా పెట్టి.

మొన్న మీ కన్ఫర్మేషన్ పీడీఎఫ్ వచ్చింది, ఒకటే పేజీ. ప్రింటు తీసి నాయనకి చూపించినా. రాత్రి డ్యూటీ దిగి వచ్చినాడు, ఖాకీ చొక్కా ఇంకా విప్పలేదు, మంచం మీద కూర్చుని కళ్ళజోడు పెట్టుకుని అటూ ఇటూ తిప్పి చూసినాడు. "మన డబ్బులు మనకే ఇస్తారా?" "ఇస్తారు నాయనా, నెలనెలా." కాసేపు ఆగి, "అంటే టికెట్ వెనకాల రాసిస్తారన్న మాట" అన్నాడు. "అంతే." "గుర్తు పెట్టుకుని అడిగి తీసుకో. ఇరవై ఆరేళ్ళ నుంచి చూస్తా ఉండా, పెద్ద నోటు ఇచ్చినోళ్ళే మర్చిపోయి దిగిపోతారు."

తర్వాత బ్యాగులోంచి టికెట్లు కొట్టే టిమ్ మిషన్ రోలు ముక్క ఒకటి చించి, వెనకాల పెన్నుతో 11904 అని రాసి, చుట్టూ సున్నా చుట్టి, కింద ఆయన గీకే గీత ఒకటి గీకి, నా వీసా ఫైల్లో ఏపీఎస్ సర్టిఫికెట్‌కి మీ పీడీఎఫ్‌కి మధ్యలో పెట్టినాడు. చెక్‌లిస్టులో అట్లాంటి డాక్యుమెంట్ ఏదీ లేదు. నేను తియ్యలేదు.

ఇట్లు,
మీ నుంచి 11,904 చిల్లర రావాల్సిన ప్యాసింజరు