షెన్‌జెన్ ‘కుగ్రామం’ కథ: ఒక మెసేజ్‌కు ఖండన

చైనాలోని షెన్‌జెన్ నగరం గురించిన ఆ వాట్సాప్ సందేశం ఈ వారంలో నాకు నాలుగోసారి వచ్చింది. మొదట బంధువుల గ్రూపులో మా మేనమామ పంపారు కనుక ఏమీ అనలేకపోయాను. తర్వాత డిగ్రీ మిత్రులు పంపారు. నిన్న రాత్రి మా అపార్ట్‌మెంటు గ్రూపులో, నీళ్ల ట్యాంకరు ఎప్పుడొస్తుందని అడిగిన వారికి జవాబు రావలసిన చోట అదే ప్రత్యక్షమైంది. అదృష్టవశాత్తూ చూడనివారి కోసం సారాంశం ఇది: 1979లో అది 30 వేల మంది జాలర్లున్న కుగ్రామం, ఒక నాయకుడు మ్యాప్ మీద గీత గీసి ఇక్కడ నగరం లేవాలన్నాడు, యూనియన్లు, సమ్మెలు లేవు కాబట్టి కార్మికులు రోజుకు 12 గంటలు చిరునవ్వుతో పనిచేశారు, భూమి అడిగితే ఒక్కరూ ఎదురుచెప్పలేదు, మూడు రోజులకొక అంతస్తు లేచింది, మనకు మాత్రం ప్రజాస్వామ్యం అడ్డొచ్చింది.

కుగ్రామం సంగతి ముందు చూద్దాం. 1979లో షెన్‌జెన్ అనే కొత్త పేరు పెట్టుకున్నది పల్లె కాదు, మూడు లక్షలకు పైగా జనాభా ఉన్న బావోఆన్ కౌంటీ, అంటే మన జిల్లా లాంటిది. మెసేజ్‌లోని 30 వేలు అందులో ఒక సంత ఊరికి చెప్పే లెక్క. ఆ ఊరి మీదుగా 1911 నుంచే కౌలూన్–కాంటన్ రైలు మార్గం ఉంది. తూర్పు తీరంలోని దాపెంగ్ కోట 1394 నాటిది. పడమటి వైపు నాన్‌తౌ అనే పాత పట్టణం నుంచి పరిపాలించిన జిల్లాలో, బ్రిటిష్‌వారు రాకముందు, నేటి హాంకాంగ్ కూడా ఒక మూల. అక్కడ జాలర్లు ఉన్నారు. రైతులు, వర్తకులు, రైల్వే ఉద్యోగులు కూడా ఉన్నారు.

మూడు రోజులకొక అంతస్తు మాట నిజమే, కానీ అది 1985లో పూర్తయిన 53 అంతస్తుల ఒకే ఒక్క భవనం ముచ్చట. మెసేజ్‌కు జోడించిన, ఎడమ పక్క నాటుపడవ, కుడి పక్క ఆకాశహర్మ్యాలు ఉన్న ఆ జంట ఫొటో గురించి చర్చ అనవసరం.

ఇక మ్యాప్ మీది గీత. 1980లో చైనా అగ్రనేత డెంగ్ జియావోపింగ్ హయాంలో సెజ్‌లుగా, అంటే ప్రత్యేక ఆర్థిక మండళ్లుగా, ఎంపికైనవి నాలుగు: షెన్‌జెన్, ఝుహై, షాంతౌ, షియామెన్. మెసేజ్ పంపినవారిలో షాంతౌ పేరు విన్నవారెందరు? గీతే నగరాన్ని కట్టేటట్టయితే అదే పార్టీ, అదే రాష్ట్రంలో, అదే ఏడాది గీసిన గీత అక్కడెందుకు ఇంత పని చేయలేదు? షెన్‌జెన్‌కు చిన్న నది అవతల హాంకాంగ్ ఉంది. అక్కడ కూలి, అద్దెలు పెరిగిపోయి చౌకైన చోటు కోసం చూస్తున్న ఫ్యాక్టరీ యజమానులు ఉన్నారు. ఇవతలి పల్లెల వాళ్లు ప్రాణాలకు తెగించి సముద్రం ఈది అటు పారిపోయేవారు. 1978లో షెన్‌జెన్ ఉన్న గ్వాంగ్‌డాంగ్ రాష్ట్ర పగ్గాలు చేపట్టిన షీ ఝోంగ్‌షున్, అంటే నేటి అధ్యక్షుడి తండ్రి, కాపలా పెంచితే ఈ వలస ఆగదని, ఇక్కడే బతుకుతెరువు చూపించాలని గ్రహించి, తమ రాష్ట్రానికి కాస్త స్వేచ్ఛ ఇమ్మని బీజింగ్‌ను అడిగారు. గీత గీసే ముందే జనం కాళ్లతో ఓటు వేశారన్నమాట.

అసలు నన్ను ఈ జవాబు రాయించింది ఆ ‘చిరునవ్వు’. 1993 నవంబరు 19న షెన్‌జెన్‌లో ఒక బొమ్మల ఫ్యాక్టరీకి నిప్పంటుకుంది. కిటికీలకు ఇనుప చువ్వలు, బయటికి పోయే తలుపులకు తాళాలు. 80 మందికి పైగా చనిపోయారు. దాదాపు అందరూ దూరపు పల్లెల నుంచి వచ్చిన ఆడపిల్లలే. వాళ్ల చిరునవ్వులు ఎవరు లెక్కపెట్టారో మెసేజ్ రాసిన మహానుభావుడు సెలవియ్యాలి. మరుసటి ఏడాదే చైనా కార్మిక చట్టం తెచ్చి, రోజుకు ఎనిమిది గంటల పని అని, ఓవర్‌టైం నెలకు 36 గంటలు మించరాదని రాసుకుంది. అమలు అంతంతమాత్రమే కావచ్చు, కానీ మనవాళ్లు విజయ రహస్యమని మురిసిపోతున్నదాన్ని ఆ దేశం కనీసం కాగితం మీదనైనా తప్పని ఒప్పుకుంది. సమ్మెలు లేవన్నది కూడా అబద్ధమే. 2013లో అక్కడి యాంటియాన్ రేవులో క్రేన్ ఆపరేటర్లు జీతాల కోసం పని ఆపేశారు. పైగా సెజ్ చుట్టూ కంచె ఉండేది. చైనా పౌరులే పర్మిట్ చూపించి లోపలికి పోవాల్సిన రోజులవి. ఆ సరిహద్దును లాంఛనంగా రద్దు చేసింది 2018లో. 2020 జనగణనలో తేలిన కోటీ 75 లక్షల మందిలో సగానికి పైగా ఆ నగరపు శాశ్వత నివాస నమోదు లేనివారే. ఖమ్మం కుర్రవాడు ఉద్యోగం కోసం హైదరాబాద్ రావాలంటే పొలిమేరలో పర్మిట్ చూపించాలని రేపు ఎవరైనా అంటే, ఇదే గ్రూపులో ఎన్ని జెండాలు ఎగురుతాయో చూడాలని ఉంది.

ఒక్క విషయంలో మాత్రం మెసేజ్ ముందు తలవంచక తప్పదు. మనం కాండ్లాలో ఎగుమతుల మండలం పెట్టింది 1965లో, షెన్‌జెన్ కంటే 15 ఏళ్లు ముందు. దాని పక్కన హాంకాంగ్ లేదనడం సగం జవాబే. మిగతా సగం మన లైసెన్సుల రాజ్యం. దాన్ని వెనకేసుకురావడం నా వల్ల కాదు.

చివరిగా, భూమి అడిగితే ఎవరూ ఎదురుచెప్పలేదన్న మాట. మొదట ఎదురుచెప్పింది నగర అధికారులే. భూమి హక్కులు బదిలీ చేయరాదని రాజ్యాంగం చెబుతుండగానే, 1987 డిసెంబరు 1న వాళ్లు 8,588 చదరపు మీటర్ల స్థలంపై వాడకపు హక్కును బహిరంగ వేలంలో 52.5 లక్షల యువాన్లకు అమ్మారు. రాజ్యాంగాన్ని సవరించింది ఆ తర్వాత, 1988 ఏప్రిల్‌లో. పొలాలు పోయిన ఊళ్ల వాళ్లు మిగిలిన ఇళ్ల స్థలాల్లోనే ఏడెనిమిది అంతస్తులు లేపి, బయటి నుంచి వచ్చిన కార్మికులకు గదులు అద్దెకిచ్చారు. రెండు ఇళ్ల మధ్య సందు ఎంత ఇరుకంటే, ఎదురెదురు కిటికీల్లోంచి చేతులు చాచి కరచాలనం చేసుకోవచ్చు. అందుకే వాటికి ‘కరచాలనం మేడలు’ అని పేరు. మధ్యాహ్నం కూడా కింద దీపం ఉండాల్సిందే. ఇలా కట్టవద్దని ప్రభుత్వం పదేపదే ఆదేశాలిచ్చింది. కొత్త ఆదేశం వస్తోందని తెలిసినప్పుడల్లా, అది అమల్లోకి రాకముందే మరో అంతస్తు వేసుకుందామని ఊరు ఊరంతా సిమెంటు బస్తాల కోసం పరుగెత్తింది.