ఆ వయసు పాటల పిచ్చి

"ఎప్పుడు చూసినా ఆ ఏడుపు పాటలేనా?" అని పిల్లల్ని కసిరే పెద్దవాళ్లతో నాకు పేచీ ఉంది. 17 ఏళ్ల పిల్ల తలుపేసుకుని, గిటార్ పట్టుకున్న ఒక ఆడమనిషి పాడిన ఒకే పాటను రాత్రంతా వింటోందంటే పాడైపోతోందని కాదు. పరాయి మనిషి గోడును అంత ఓపికగా వినడం ఆ పిల్లకు బహుశా అదే మొదలు.

నాకు 19 ఏళ్లప్పుడు రూమ్మేట్ ఇచ్చిన క్యాసెట్‌తో మొదలైంది ఈ పిచ్చి. కెనడా గాయని జోని మిచెల్ 'బ్లూ'. 1971లో వచ్చిన ఆల్బమ్, నా చేతికి చాలా ఆలస్యంగా అందింది. ఇంగ్లిష్ సగమే అందేది. మాటలు నోట్‌బుక్‌లో రాసుకుని, అర్థంకాని చోట గీత గీసి, టేపు వెనక్కి తిప్పి మళ్లీ వినేదాన్ని. గిటార్ మీద వాయించబోతే మామూలు శ్రుతిలో ఆ పాటలు పలకలేదు. 9 ఏళ్లప్పుడు పోలియో వచ్చి ఆమె ఎడమ చెయ్యి బలహీనపడిందట. వేళ్లకు కష్టమైన పట్లు వదిలేసి తీగల శ్రుతినే మార్చుకుందట. అది తెలిశాక ఆమె మీద ఇష్టం కాస్తా భక్తే అయింది.

అందులో 'లిటిల్ గ్రీన్' అని ఒక పాట ఉంది. జోలపాట కాబోలు అనుకుని ఎన్నేళ్లు పాడుకున్నానో! 1965లో, చేతిలో డబ్బులేక, తోడులేక, తను కన్న కూతుర్ని దత్తతకు ఇచ్చేసింది ఆమె. ఆ పాట ఆ బిడ్డకోసమే. 1997లో తల్లీకూతుళ్లు కలుసుకున్నారని చదివిన రోజు ఆ నోట్‌బుక్ తీసి చూసుకున్నాను. నేను గీతలు గీసిన చోటల్లా ఆ సంగతే ఉంది. మన ఆడవాళ్లు తిరగలి దగ్గర, రోకలి దగ్గర కట్టుకున్న పాటల్లో ఇలాంటివి ఎన్ని ఉన్నాయో. కట్టినవాళ్ల పేర్లే మనకు మిగల్లేదు. తన పేరుతో తన కథ తనే పాడే ఆడమనిషి అంటే ఆడపిల్లలు ప్రాణం పెట్టడానికి నాకు కనిపించే పెద్ద కారణం ఇదే.

ఈ అభిమానానికి ఒక హద్దు కూడా ఉండాలి. ఆమె మన బాధ పాడింది కదా అని ఆమె మన సొత్తు కాదు. 1988 జూన్‌లో, మండేలా 70వ పుట్టినరోజు కచేరీలో, లండన్ వెంబ్లీ స్టేడియంలో ఒంటరిగా గిటార్‌తో నిలబడి అమెరికా గాయని ట్రేసీ చాప్మన్ లోకానికి తెలిసింది. తర్వాత్తర్వాత పాడటం బాగా తగ్గించి తన బతుకు తను బతికింది. అది ఆమె ఇష్టం. ఆమె కట్టిన పాట 'ఫాస్ట్ కార్' మాత్రం ఆగలేదు. అమెరికా పల్లె బాణీ 'కంట్రీ' పాటలు పాడే లూక్ కోంబ్స్ దాన్ని మళ్లీ పాడాక, 2023లో కంట్రీ మ్యూజిక్ అసోసియేషన్ ఉత్తమ గీతం అవార్డు ఆ పాటకు వచ్చింది. ఆ అవార్డు అందుకున్న మొదటి నల్లజాతి గీత రచయిత ఆమే.

2024 ఫిబ్రవరిలో గ్రామీ సంగీత అవార్డుల వేదిక మీద ఒకే రాత్రి మిచెల్, చాప్మన్ ఇద్దరూ పాడారు. మిచెల్‌కు అప్పటికి 80 ఏళ్లు, ఆ వేదిక మీద పాడటం అదే మొదటిసారి. నేను ఏడుస్తుంటే మా అమ్మాయి టీవీ సౌండ్ పెంచింది, ఒక్క మాట అనలేదు.

ఇప్పుడు తనకూ తన గాయని ఉంది. మొన్న తనే మూడు పాటలు ఎంచి పంపింది. రెండోది నాకింకా అర్థం కాలేదు. మాటలు రాసుకుంటున్నాను.